నక్క పేరు పెట్టిన పువ్వు

సహ్లబ్ పొడి పాలలో వేశాక గరిటె ఆపకూడదు. ఆపితే ఉండ కడుతుంది. కువైట్‌లో, రుమైథియాలోని ఆ ఇంట్లో మౌలాబీ ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఆ గరిటె తిప్పుతోంది. ఇప్పుడు తాగేది ముసలామె జద్దా ఒక్కతే. ఇరాక్ సైన్యం వచ్చిన మూడో రోజున జద్దా కొడుకు, మౌలాబీ 'మామా' అని పిలిచే కోడలు, పిల్లలు కారెక్కి సౌదీ వైపు వెళ్లిపోయారు. మంచం దిగలేని తల్లిని, పనిమనిషిని ఇంట్లో వదిలేశారు. "పది రోజుల్లో వచ్చేస్తాం" అంది మామా. నలభై రోజులైంది.

మధ్యాహ్నం పక్కింటి డ్రైవరు అన్వర్ బాషా గోడ మీంచి పిలిచాడు. ఇద్దరిదీ రాయచోటే.

"రేపు పొద్దన్నే బస్సుండాదక్కా. బస్రా, బాగ్దాద్, ఆన్నించి అమ్మాన్. నీ పేరు రాయించినా."

"మరి ఈ యమ్మను ఏం జేసేది?"

"కన్నకొడుకే ఇడ్సిపెట్టి పాయె. నువ్వేమన్నా ఆ యమ్మ కడుపున పుట్టినావా?"

ఎదురింటామె రోజుకొకసారి వచ్చి అన్నం పెట్టిపోతానంది. మౌలాబీ అంతకంటే ఏమీ అడగలేకపోయింది.

సాయంత్రం సహ్లబ్ కప్పు అందుకుంటూ జద్దా అరబ్బీలో అడిగింది. "ఇదేమిటో తెలుసా నీకు?"

తెలుసు. రాయచోటిలో దాన్ని సాలంమిశ్రి అంటారు. పెళ్లైన కొత్తలో అత్త పొట్లం కట్టి ఇచ్చింది, మొగుడికి పాలలో కలిపితే మగపిల్లోడు పుడతాడని. ముగ్గురూ ఆడపిల్లలే. మూడో కాన్పుకు మొగుడు గడప దగ్గరే నిలబడి, "మందు మంచిదే, నేలే మంచిది గాదు" అన్నాడు. ఏడాది తిరక్కుండా ఆ నేలనే కువైట్‌కు పంపాడు. రెండేండ్లేనన్నాడు.

"మా కొండల్లో ఊటనేలల్లో పూసేది" అంది జద్దా. ఆమె పుట్టింది ఉత్తరాన కొండల్లో. "ఊదారంగు అడవి పువ్వు. తవ్వితే కింద రెండు దుంపలు, మగనక్క వృషణాల్లాగా. సహ్లబ్ అంటే అర్థం అదేనని మా అమ్మ చెప్పింది."

మౌలాబీకి నవ్వొచ్చింది. "పువ్వును సాకేది దుంప. పేరు మగనక్కదా జద్దా?"

జద్దా కూడా నవ్వింది. తర్వాత కప్పులోకి చూస్తూ చెప్పింది. "ఒక దుంప ముడుచుకుపోయి ఉండేది. తన సారమంతా ఈ ఏటి పువ్వుకు ఇచ్చేసిన దుంప అది. రెండోది నిండుగా ఉండేది, వచ్చే ఏటిది. నిండుదాన్ని తీసుకుని, ముడుచుకున్నదాన్ని గుంటలో పెట్టి, మళ్లీ మొలుస్తావులే అని చెప్పి మట్టి కప్పేవాళ్లం. అలా చెబితే పాపం అంటదని అమ్మ అనేది."

"మొలిచేదా?"

"ఎప్పుడూ మొలవలేదు. అయినా ఏటేటా చెప్పేవాళ్లం."

నాలుగు రోజుల్లో వస్తానని చెబుదామని మౌలాబీ మధ్యాహ్నం నుంచీ అనుకుంటోంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అది ఎవరి మాటో అప్పుడు తెలిసింది. మామా మాట, మొగుడి మాట.

"జద్దా, రేపు నేను వెళ్లిపోతున్నా. మళ్లీ రాను."

జద్దా మౌలాబీ ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుతోనే నిద్రపోయింది. తెల్లవారాక బస్సు హారన్ వినిపించినప్పుడు మౌలాబీ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. చిటికెన వేలు ఓ పట్టాన రాలేదు.

రాయచోటిలో ఆమె ఇప్పుడు ఎడమ చేతికి గాజులు వేసుకోదు. "మొగుడు బతికుండంగా ఆ బోడి చెయ్యేంది?" అని అత్త అడుగుతుంది. మొగుడు ఆ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంటుంది.

అక్కడ ఇంకొకరి చెయ్యి ఉంది.