మంచానికి అటుపక్క

పూసలు చూడగానే కనుకయ్య ముఖం చిట్లించాడు. భివండి శాంతి నగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, పాత ఇనుము కింద అమ్మేసి ఖాళీ చేసిన షెడ్డు అది. నేల మీద నూనె జిడ్డు ఇంకా వదల్లేదు. ఆ జిడ్డు మీద సతరంజీ పరిచి, పద్నాలుగు మంది కార్మికులను వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ప్లాస్టిక్ గిన్నెలో రంగురంగుల పూసలు పోశారు. గోడకు మరాఠీలో బ్యానర్ కట్టారు: మగవాడి మనసుకు చేతిపని. రోజూ పన్నెండేసి గంటలు సాంచాల మధ్య పరుగులు తీసేవాళ్ళ చేత పూసలు గుచ్చిస్తే మనసు తేలికపడుతుందట. ఈ బుద్ధి ఎవడికి పుట్టిందో గానీ, వాడి చేత ఒక్క పూట సాంచ నడిపించాలి.

ఈ తతంగం నడిపేది వైభవ్. కనుకయ్య పొరుగింటి కుర్రాడే. భివండిలోనే పుట్టి, మరాఠీ బడిలో చదివి, ఒక ట్రస్టులో ఉద్యోగానికి కుదిరాడు. ఆ ఏడాది పేటలో నలుగురు మగవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. అందుకని ట్రస్టువాళ్ళు సాంచాలకు సెలవుండే శుక్రవారం నాడు ఈ క్లాసు పెట్టారు.

"మామా, థోడా చేసి చూడు. చేతులకు పని ఉంటే మన్ హల్కా అయితది" అన్నాడు వైభవ్.

"గివి చిన్న పోరగాండ్లకియ్యిరా. మేం పనోళ్ళం. మాకు పనసొంటి పని చూపియ్యి."

"ఏం చూపియ్యాలె? నువ్వే చెప్పు మరి."

కనుకయ్య లేచి వెళ్ళి షెడ్డు మూలన పడున్న గోనె సంచి ఈడ్చుకొచ్చాడు. అందులో ఉన్నది చిందీ, అంటే గుడ్డ అంచుల నుంచి కత్తిరించి పారేసిన పీలికలు. గుప్పెడు తీసి, తొడ మీద వేసి, అరచేత్తో పేనాడు. చూస్తుండగానే మూరెడు తాడు తయారైంది. ఆయన తండ్రి సిరిసిల్లలో నులక మంచాలు అల్లేవాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ విద్య కనుకయ్య చేతుల్లోంచి పోలేదు. ఊపిరితిత్తుల్లో దూది పేరుకుని సాంచాల పని మానేశాక ఆ చేతులకు వేరే పని లేకుండా పోయింది, అంతే.

నెల తిరిగేసరికి పూసల గిన్నెలు మాయమై పాత చెక్కలతో మంచం చట్రాలు వచ్చాయి. నులక మంచం ఒక్కడే అల్లితే బిగువు రాదు. ఇటొకడు, అటొకడు కూర్చోవాలి. ఒకడు లాగితే రెండోవాడు పట్టాలి. చూపంతా తాడు మీదే ఉంటుంది గనుక ఎదుటివాడి ముఖం చూడాల్సిన అవసరమే ఉండదు. మగవాడికి నోరు పెగలాలంటే అంతకన్నా ఏం కావాలి? ఒకడు పెళ్ళాం వదిలి పోయిందన్నాడు. ఇంకొకడు రాత్రిళ్ళు గుండె దడదడలాడుతుందన్నాడు. అవతలివాడు ఊఁ కొట్టి తాడు లాగాడు.

కనుకయ్య మంచానికి అటుపక్క కూర్చునేది నర్సింగం. నలభై ఏళ్ళవాడు. ఎనిమిది నెలల కిందట అతని తమ్ముడు సురేశ్ భివండి రోడ్ స్టేషన్ దగ్గర రైలు కింద పడి చనిపోయాడు. ఆ స్టేషన్‌కు రోజు మొత్తం మీద వచ్చేవే నాలుగు బండ్లు. అంటే కుర్రాడు అక్కడ కూర్చుని బండి కోసం ఎదురు చూశాడన్నమాట. అప్పటి నుంచి నర్సింగం నోట మాట లేదు, కంటికి నిద్ర లేదు. తల్లి సత్తెమ్మ ముద్దలు కలిపి పెడితే రెండు మింగి లేచేవాడు.

మూడో మంచం సగమయ్యాక నర్సింగం నోరు విప్పాడు.

"కాకా, ఆ దినం వాడు నా సాంచాల కాడికచ్చిండు."

కనుకయ్య తలెత్తలేదు.

"పక్కన నిలవడి ఏందో అన్నడు. ఆరు సాంచాలు నడుస్తున్నయి, ఒక్క ముక్క ఇనవడలే. అప్పుడే దారం తెగింది, నా చూపంత దాని మీదున్నది. సరే సరే అని తల ఊపిన. వాడు ఎల్లిపోయిండు." తాడు బిగించి మళ్ళీ అన్నాడు. "ఏం అడిగిండో. నేను దేనికి సరే అన్ననో."

చేతులు మాత్రం ఆగలేదు.

"అమ్మకు ఎరుక లేదు కాకా. ఎరుకైతే నేను బతుక."

"నా నోట్లకెల్లి రాదు. గుంజు" అన్నాడు కనుకయ్య.

ఆ వారం నుంచి నర్సింగం గడ్డం గీసుకున్నాడు. కడుపు నిండా తింటున్నాడని సత్తెమ్మ దారిలో కనబడి చేతులు జోడించింది. కనుకయ్యకు ఒళ్ళు పొంగిపోయింది. ఆసుపత్రి గోలీలు చెయ్యని పని తన తాడు చేసిందని లోలోపల మీసం మెలేశాడు.

మనిషిని చెడగొట్టేది ఆ పొంగే. ఒకనాడు చాయ్ బండి దగ్గర వైభవ్ ముఖం వేలాడేసుకుని చెప్పాడు.

"మంచాల ఫోటోలు పంపిన మామా. పెద్ద సార్లు ఏమంటున్నరంటే, మంచాలు సరే, మనుషులల్ల ఫరక్ ఏం పడ్డది అని. సబూత్, రుజువు కావాల్నంట. లేకపోతే క్లాస్ బంద్."

"ఫరక్ పడలేదా?" కనుకయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "ఫరక్ అంటే ఏందో నేను చెప్త, ఇను."

చెప్పాడు. తమ్ముడు సాంచాల దగ్గరికి రావడం, మాట వినబడకపోవడం, నర్సింగం తల ఊపడం, అన్నీ చెప్పాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అంత బరువైన మాట దాచమని ఇస్తే ఏమవుతుంది? అంతా కక్కేశాక, పేరు బయటికి రావద్దురా అని తోక తగిలించాడు.

తర్వాతి శుక్రవారం ట్రస్టువాళ్ళ సభకని షెడ్డులో కుర్చీలు, మైకు, పూలదండలు. బాగా కుదిరిన మంచాన్ని ముందు పెట్టారు. తెల్ల బూట్ల పెద్దమనిషి ఒకాయన ఆ బూట్లతోనే మంచమెక్కి కూర్చుని, రెండుసార్లు ఎగిరి, బిగువుంది అని నవ్వాడు. కనుకయ్యకు అప్పుడే వెగటు పుట్టింది. మంచం బాగా అల్లినందుకు కొడుకుకు శాలువా కప్పుతారని సత్తెమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది.

వైభవ్ మైకు తీసుకుని హిందీలో మొదలుపెట్టాడు. పేరు చెప్పనన్నాడు. ఒక అన్న ఉన్నాడన్నాడు. అతని తమ్ముడు చివరి రోజున సాంచాల దగ్గరికి వచ్చి ఏదో చెప్పుకున్నాడనీ, ఆ చప్పుడులో వినబడక అన్న సరే అని తలూపాడనీ, తమ్ముడు అక్కడి నుంచి స్టేషన్‌కు పోయాడనీ చెప్పాడు. ఆ అన్న ఈ రోజు మంచం అల్లుతూ నవ్వుతున్నాడని ముగించాడు. చప్పట్లు మోగాయి. దేనికి కొట్టినట్టు ఆ చప్పట్లు? థూ. పీనుగ మీద పేలాలు ఏరుకునేవాళ్ళు నయం.

ఆ ఏడు ఆ స్టేషన్ దగ్గర పోయిన తమ్ముడు పేటలో ఒక్కడే. నలభై ఏళ్ళుగా భివండిలో ఉంటున్న సత్తెమ్మకు హిందీ బాగానే తెలుసు. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. నర్సింగం భుజాల మీద అప్పుడే శాలువా కప్పుతున్నారు. అతను కనుకయ్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారిలో పెంట కనబడితే తప్పుకుని పోతామే, అలా చూపు తప్పించుకున్నాడు.

కనుకయ్య వైభవ్ కాలర్ పట్టుకుని గోడ పక్కకు లాక్కెళ్ళాడు.

"పేరు చెప్పద్దంటి గదరా."

"నేను చెప్పలే గదా మామా. ఎవ్వలికి చెప్పద్దని నర్సింగమన్న నీతోని అనలేదా?"

కనుకయ్య చెయ్యి దానంతటదే వదిలేసింది. పంపు దగ్గరికి పోయి నోరు పుక్కిలించాడు. తన నోరే తనకు రోతగా ఉంది. రెండోసారి, మూడోసారి పుక్కిలించినా ఆ పాచి పోలేదు.

ఎరుకైతే నేను బతుక అని నర్సింగం అన్న మాట వారమంతా కనుకయ్యను పీక్కుతింది. వాళ్ళింటికి పోతే తలుపు తీయలేదు. రోజూ పొద్దున్నే నర్సింగం పనిచేసే సాంచాల షెడ్డు ముందుకు పోయి, బయట విడిచిన చెప్పుల్లో అతని చెప్పులు వెతుక్కునేవాడు. కనబడితే ఊపిరి పీల్చుకునేవాడు. ఒకరోజు పది దాటినా కనబడకపోతే అక్కడే మెట్టు మీద కూర్చుని దారి చూశాడు. నర్సింగం పదకొండింటికి వచ్చి, ఆయన పక్క నుంచే లోపలికి పోయాడు.

శుక్రవారం వచ్చింది. నర్సింగం రాడనుకుంటూనే కనుకయ్య సగం అల్లిన మంచం దగ్గర కూర్చున్నాడు. నర్సింగం వచ్చాడు. వెనకాలే సత్తెమ్మ వచ్చింది. ఆమె నేరుగా కనుకయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వు లే, కనుకయ్య."

క్షమించమని అడగాలని వారం నుంచి మాటలు కూడబెట్టుకున్నాడు. లేచాడు. ఆయన లేచిన చోట ఆమె కూర్చుని తాడు అందుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కండెలు చుట్టిన చేతులవి. ఒక్క వరుస చూసి పని పట్టేసింది. కనుకయ్య పోయి చిందీ సంచుల దగ్గర నిలబడ్డాడు. తల్లీకొడుకులు వరుస మీద వరుస అల్లుకుంటూ పోయారు.

"ఏ అంగీ ఏసుకున్నడు?" అంది సత్తెమ్మ, కళ్ళు తాడు మీద నుంచి తిప్పకుండా.

"నీలిది."

"తినచ్చిండా?"

"ఎరుక లేదమ్మా."

"నిన్ను ముట్టిండా?"

"భుజం మీద చెయ్యేసిండు."

ఆమె తాడు లాగింది. అతను పట్టాడు.

"పోయేముందల ఎవ్వల కాడికి పోలే. నా కాడికి గూడ రాలే" అంది. "నీ కాడికచ్చిండు."

నర్సింగం తల మంచం పట్టె మీదికి వాలిపోయింది. ఇన్ని నెలల ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది. చేతిలో తాడు మాత్రం వదల్లేదు. వదిలితే అల్లికంతా సడలిపోతుందని ఆమె కూడా రెండో కొస బిగించి పట్టుకుని, కొడుకు ఏడ్చినంతసేపూ అలాగే కూర్చుంది.

వైభవ్ ఎప్పుడొచ్చాడో కనుకయ్య పక్కన చేరాడు. ఫోటో కోసం చేతిలో ఫోను పైకి లేస్తోంది.

"చూసినవా మామా, అచ్ఛానే అయింది. మనం చెప్పకపోతుంటే గిది అయ్యేదా?" అని గుసగుసగా అన్నాడు.

కనుకయ్య ఆ ఫోను లాక్కుని చిందీ సంచిలోకి విసిరేశాడు. కుర్రాడు బిత్తరపోయి చూశాడు. వాడికేం తెలుసు, సరిగ్గా ఆ మాటే, అంతకు ఒక్క క్షణం ముందు, కనుకయ్య మనసులో తియ్యగా పుట్టిందని.