పల్చటి నూనె

రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసి రిటైరైన కామాక్షికి రిమోట్ కార్ల పందేల పిచ్చి అంటించింది కోడలు నీహారిక. పెళ్లయి పద్మారావు నగర్ ఇంటికి వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు ఓ కారూ, స్క్రూడ్రైవర్ల డబ్బా తెచ్చుకుంది. ఓ సాయంత్రం డాబా మీద సరదాకి అత్తగారి చేతికి రిమోట్ ఇస్తే, ఆవిడ నీళ్ల ట్యాంకుకీ బట్టలారేసే గుంజకీ మధ్య నుంచి కారును గీత గీసినట్టు నడిపింది. అప్పటినుంచి బండి విప్పి బిగించడం కోడలి వంతు, నడపడం అత్తగారి వంతు.

ఆ ఆదివారం కార్ఖానా మైదానంలో పోటీ. మొదటిసారి ఫైనల్‌కి చేరినా కామాక్షి మొహంలో సంతోషం లేదు. గోడ పక్క మెలికలో కారు ప్రతిసారీ వెనక్కి తిరిగిపోతోంది. వరసగా గెలుస్తూ వస్తున్న దయాకర్ అది చూసి, మంచి మనసుతోనే దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, డిఫరెన్షియల్‌ల జెర చిక్కటి ఆయిల్ వెయ్యిండ్రి. నేను సుత గదే వాడుత."

మోటారు బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచేది ఆ డిఫరెన్షియలే. అందులోని నూనె చిక్కనైతే రెండు చక్రాలూ కలిసి తిరగాలని చూస్తాయి. పల్చనైతే మలుపులో బయటి చక్రం వేగంగా, లోపలిది నెమ్మదిగా, దేని దారిన అది తిరుగుతుంది. నీహారిక దయాకర్ మాట విని చిక్కటి నూనె పోసింది. ప్రాక్టీసులో కారు మరీ ఘోరంగా తిరిగి గోడకు కొట్టుకుంది.

కామాక్షి వెళ్లి ఆ మెలిక దగ్గర చెప్పు అంచుతో నేలను గీకింది. నిన్ననే కొత్తగా పోసిన ఎర్రమట్టి పిండిలా లేచింది. దయాకర్ ఇన్నాళ్లూ గెలిచింది గట్టిపడిన నేల మీద. ఈ మట్టికి ఆ పట్టు లేదు. రెండు చక్రాలూ ఒక్కసారే బలంగా తోస్తే బండి వెనక భాగం జారిపోక ఏం చేస్తుంది?

తిరిగొచ్చి, అన్నిటికన్నా పల్చటి నూనె పొయ్యమంది. నీహారిక తటపటాయించింది. ఇక పరీక్షించి చూసుకునే వ్యవధి లేదు. మరీ పల్చనైతే లోపలి చక్రం గాల్లో ఊరికే తిరిగి బలం వృథా కావచ్చు.

"నేను వేగం మీట మెల్లగా తోస్తాలే అమ్మాయ్. రిమోట్ పట్టుకున్నది నేనే కదా, దాని ఒళ్లు నాకు తెలుస్తోంది. నువ్వు పొయ్యి."

నీహారిక డిఫరెన్షియల్ విప్పి చిక్కటి నూనెను గుడ్డతో తుడిచింది. చిన్న పళ్లచక్రాలు మునిగేదాకా కొత్త నూనె పోసి, బుడగలు పైకి వచ్చేలా వాటిని వేలితో తిప్పింది. వేడికి నూనె ఉబ్బుతుందని కాస్త ఖాళీ ఉంచి, మూత ఏ పక్కకూ ఒరగకుండా స్క్రూలు ఎదురెదురుగా బిగించింది. ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు సాఫీగా తిరిగింది. కామాక్షి తల ఊపింది.

ఫైనల్ షురూ అయింది. మొదట్లోనే దయాకర్ కారు ముందుకు దూసుకుపోయింది. కామాక్షి కంగారుపడలేదు. మెలిక దగ్గర బొటనవేలు సడలించి, కారు ముక్కు తిరిగాక మెల్లగా తోసింది. వెనక భాగం కదల్లేదు. నేలను కరుచుకున్నట్టు మలుపు తిరిగి బయటికొచ్చింది. ఆవిడ ఒళ్లు పులకరించింది. ఒక్కో చుట్టుకూ దూరం తగ్గుతూ వచ్చింది. చివరి చుట్టులో దయాకర్ తొందరపడి మెలికలో బలంగా తోశాడు. అతని కారు జారి పక్కకు తిరిగింది. కామాక్షి కారు లోపలి వైపు నుంచి దాన్ని దాటి ముగింపు గీత చేరింది.

దయాకర్ నవ్వుతూ వచ్చి ఏం వేశారని అడిగితే, ఆవిడ నూనె సీసాయే చేతిలో పెట్టింది.

కప్పు ఇచ్చేటప్పుడు మైకులో కామాక్షి పేరొక్కటే చదివారు. ఆవిడ వేదిక మెట్టు మీదే ఆగిపోయింది.

"బండి కట్టింది మా కోడలు. ఆ పేరూ చదవండి, అప్పుడు తీసుకుంటాను."

రెండు పేర్లూ చదివారు. ఈలలూ చప్పట్లూ మారుమోగాయి. నీహారిక నూనె చేతులతోనే వచ్చి కప్పుకు రెండో చెవి పట్టుకుంది.

ఆటో ఎక్కాక కామాక్షి నేరుగా ఇంటికి పోనివ్వలేదు. మారేడ్‌పల్లిలో అక్క ఇంటి మీదుగా వెళ్దామంది. ముసలితనంలో ఈ ఆటలేమిటని నవ్విన అక్కకు కప్పు చూపించి, కాఫీ తాగి, అప్పుడు వెళ్దామంది.