నవ్వులమ్మ ముఖం

"మాస్కు ఆమే కిందికి లాక్కుంది. ఆమె అజాగ్రత్తే కారణం."

నవ్వులమ్మ చావు మీద జరిగిన విచారణలో ఈ మాట ఆసుపత్రి సూపరింటెండెంటు అని ఉంటే సిస్టరమ్మకు కడుపు ఇంత మండేది కాదు. అన్నది డాక్టరన్న. గత సమ్మెలో గేటు దగ్గర ఆయాల పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళ టీలో వాటా అడిగి తాగిన మనిషి.

పిల్లల ఎండోస్కోపీ గదిలో బిడ్డ తల కదలకుండా పట్టుకోవడం ఆయా నవ్వులమ్మ పని. గొట్టం గొంతులోకి దిగేటప్పుడు పిల్లలు దగ్గితే తుంపరలు ముందు పడేది తల పట్టినవాళ్ళ మీదే. వైరస్ వచ్చాక మంచి మాస్కులు డాక్టర్లకు, గుడ్డముక్కలు ఆయాలకు. అదేమంటే స్టాకు లేదన్నారు. ఇక మాస్కు దించడమా? మత్తు ఎక్కేదాకా బిడ్డకు నవ్వు ముఖం కనబడాలన్నది ఆ గది అలవాటు. "ముఖం చూపించమ్మా, బిడ్డ బెదురుతోంది" అని ఆ అలవాటు నేర్పిందీ డాక్టరన్నే. నవ్వులమ్మ ఆ మాట విన్నది, వైరస్ సోకి ఊపిరాడక చనిపోయింది. తప్పు ఆమెదే అని తేల్చేస్తే మాస్కుల ఊసు ఇక ఎవరూ ఎత్తనక్కరలేదు.

గొట్టాలు కడిగే గదిలో అందరూ గుమిగూడారు.

"ఒక్క కేసు కూడా ముట్టొద్దు! అప్పుడు తెలిసొస్తుంది," అని స్ట్రెచర్ తోసే తాత కేకలేశాడు.

అంతలోనే వాచీలో వేసే బటన్ బ్యాటరీ మింగిన పాపను తెచ్చారు. అది గొంతులో ఇరుక్కుంది. ఆలస్యమైతే లోపలంతా కాలిపోతుంది. వెనకే సూపరింటెండెంటు వచ్చాడు.

"ఏం, బిడ్డ ప్రాణంతో బేరమాడతారా?"

"బేరం మీది. బిడ్డ మాది," అంది సిస్టరమ్మ. "ఆగగలిగే కేసులు ఆగుతాయి. ఇది ఆగదు, చేస్తాం. కానీ గొట్టం పట్టేవాళ్ళకీ తల పట్టేవాళ్ళకీ ఒకటే మాస్కు."

డాక్టర్ల మాస్కులు ఉండేది డాక్టరన్న బీరువాలో. అందరూ కలిసి దాని తాళం విరగ్గొట్టారు. లోపల మాస్కుల పెట్టెలు సీలు కూడా తియ్యకుండా నిండుగా ఉన్నాయి. అప్పుడే వచ్చిన డాక్టరన్నతో తాత, "నమ్మించి గొంతు కోశావు కదయ్యా," అన్నాడు.

మాస్కుల ముఖాలు చూసి పాప గుక్కపట్టింది. అప్పుడు, విచారణకని వచ్చిన నవ్వులమ్మ కూతురు నవ్వుతున్న అమ్మ ఫొటో తెచ్చి సిస్టరమ్మ గౌను మీద అంటించింది. పాప ఆ నవ్వును వేలితో తడిమి ఏడుపాపింది. డాక్టరన్న చెయ్యి ఆగిపోయింది.

"కానివ్వండి సార్," అంది సిస్టరమ్మ. ఆమె అతన్ని సార్ అనడం అదే మొదటిసారి.

బ్యాటరీ బయటికొచ్చింది, పాప దక్కింది. "నా మీద కూడా పైవాళ్ళున్నారమ్మా," అని డాక్టరన్న గొణిగాడు.

"మీ మీద పైవాళ్ళు. మా మీద మీరు," అని ఆమె బయటికి నడిచింది.

మర్నాడు గేటు దగ్గర ఆయాలు, స్వీపర్లు, స్ట్రెచర్ వాళ్ళు అందరూ గుండెల మీద అదే ఫొటో అంటించుకుని కూర్చున్నారు. పాప తల్లి కూడా వచ్చి కూర్చుంది. పోలీసు వ్యాను ఆగింది.

"బీరువా తాళం పగలగొట్టింది ఎవరు?"

సిస్టరమ్మ తన గుండెల మీది ఫొటో మీద వేలు పెట్టింది. పక్కనున్న తాతా పెట్టాడు. తర్వాత వరసంతా.

"ఈవిడే!"