ఆమెకి నీళ్ళంటే భయం

తిన్న డబ్బాలు తుడిచి ఆమె సంచిలో సర్దుతుంటే, "అమ్మకి నీళ్ళంటే భయం, అమ్మ రాదు" అన్నాడు భర్త పిల్లలతో, పడవల వైపు నడుస్తూనే. వెనక్కి తిరిగి ఆమెని అడగను కూడా లేదు. బడికి సెలవులిచ్చినప్పుడల్లా ఒకరోజు ఈ చెరువు గట్టుకి రావడం వాళ్ళింట్లో అలవాటు. తెల్లారకముందే లేచి వండి, మూతలు బిగించి, దుప్పటీ మంచినీళ్ళూ అత్తగారి మాత్రలూ గుర్తుపెట్టుకుని మోసుకొచ్చేది ఆమె. అందరూ పడవెక్కితే సంచుల దగ్గర కూర్చునేదీ ఆమే. "హాయిగా గాలి పీల్చుకో, నీకూ సెలవే కదా" అంటాడు భర్త ప్రతిసారీ. కాపలా కాయడం సెలవెలా అవుతుందో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈసారి మాత్రం భయమన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. నిజంగా తనకి భయమా? ఎవరో పరాయి మనిషి సంగతి విన్నట్టు అనిపించి, ఆరా తీయాలన్న కుతూహలం పుట్టింది. తవ్వుకుంటూ వెళ్తే దొరికింది. కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది, ఇదే గట్టు. అప్పటి పడవలో నలుగురే పట్టేవారు. మామగారు, అత్తగారు, ఆడపడుచు, భర్త ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. వాళ్ళ ఇబ్బంది చూడలేక, తనకి నీళ్ళంటే భయమనీ, వాళ్ళని వెళ్ళి రమ్మనీ చెప్పేసింది. మర్యాదకి అన్న మాట. ఒక్కరూ రెట్టించలేదు. నెల తిరక్కుండానే అత్తగారు చుట్టాలందరికీ, తన కోడలు చెంబులో నీళ్ళు చూసినా వణుకుతుందని ముచ్చటగా చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత పదిమంది పట్టే పడవలొచ్చాయి. ఆమె భయం మాత్రం ఇంటిపేరులా ఉండిపోయింది. తలుచుకుంటే నవ్వొచ్చింది. మేడ మీద ట్యాంకు పాచిపడితే నిచ్చెనేసుకుని లోపలికి దిగి, మోకాటిలోతు నీళ్ళలో వంగి తోమేది ఎవరు? అప్పుడు ఇంట్లో ఎవరికీ ఈ భయం గుర్తుకు రాదు.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే కూతురు వెనక్కి వచ్చి పక్కన చతికిలబడింది.

"నువ్వు ఎక్కలేదేం?"

"నాకూ నీలాగే భయం. నేను సంచులు చూస్తాలే."

వానొస్తే లోపలికి రమ్మని బతిమాలించుకునే పిల్ల ఇది. దగ్గరికి తీసుకుని, తమ్ముడు ముందు సీటు కోసం పేచీ పెట్టాడా అని మెల్లగా అడిగింది. పిల్ల గడ్డి పీకుతూ చెప్పింది. పెద్దదానివి, నువ్వే సర్దుకో అన్నాడట నాన్న. సర్దుకోమంటే ఏడుపొస్తోంది కానీ, భయమంటే ఎవరూ ఏమీ అనలేదట.

ఆమెకి ఒళ్ళు మండింది, భర్త మీద కంటే తన మీదే ఎక్కువ. ఒక చేత్తో సంచులూ, ఒక చేత్తో కూతుర్నీ పట్టుకుని రేవు దాకా నడిచింది. పడవ ఇంకా కదల్లేదు. భర్తని దిగమని చెప్పి, సంచులు అతని చేతికిచ్చింది.

"నీకు భయం కదా?" అన్నాడు అతను తెల్లబోయి.

"ఏమో, తెలీదు. వెళ్ళి చూసొచ్చి చెప్తాను."

ఈ వయసులో ఇవేం సాహసాలని గొణుగుతూనే అత్తగారు జరిగి చోటిచ్చారు. కొడుకు చంకలో చెయ్యేసి ఎత్తి పక్క సీట్లోకి మార్చి, కూతుర్ని ముందు కూర్చోబెట్టింది. వాడి రాగానికి ఈసారి ఎవరూ కరగలేదు.

గట్టు దూరమైంది. నీళ్ళ రంగు మారింది. పడవ ఒక్కసారి పక్కకి ఒరిగేసరికి ఆమె రెండు చేతులతో అంచుని గట్టిగా పట్టేసుకుంది. కూతురు వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసి, "భయమేస్తోందా అమ్మా?" అంది.

"వేస్తోంది. నిజంగానే వేస్తోంది" అంది ఆమె, ఆశ్చర్యంగా.

పడవవాడు తెడ్డు ఆపి, వెనక్కి తిప్పమంటారా అని అడిగాడు.

"వద్దు, ఇంకాస్త లోపలికి పోనివ్వండి. ఇన్నేళ్ళూ ఈ భయం నాదే అన్నారు కానీ, దీన్ని నేను చూడ్డం ఇదే మొదలు."