పసుపు గొంతు పిట్టలు

మూడేళ్ళ కిందటి చలికాలంలో, అడవి కాపలా ఉద్యోగం చేసే కోడలు ఎంత వెతికినా, పసుపు గొంతు పిట్టలు ఒకటి రెండుకు మించి కనిపించలేదు. చలికి తిండి దొరక్కే తగ్గిపోతున్నాయని తెలుసుకుని, అడవి అంచున పళ్ళ పొదలు నరకొద్దని ఇంటింటికీ తిరిగి బతిమాలింది.

"పిట్టల కోసం మనుషులతో పోట్లాటా?" అని అత్తగారు దెప్పేది. కానీ ఆ పొదల జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఈ చలికాలం ఒక ఉదయం అత్తగారే రొప్పుకుంటూ వచ్చి, కోడల్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పొదల నిండా పసుపు గొంతులే, ఒకటే పాట!

"గుడ్లప్పగించి చూస్తావేమే? నీ చుట్టాలు పిల్లాజెల్లాతో దిగారు! గట్టిగా మాట్లాడకు, బెదిరిపోతాయి."

"అరుస్తున్నది మీరే అత్తయ్యా!" అంది కోడలు, నవ్వాపుకోలేక.