బాయిలరు దుప్పటి

అసిరమ్మని బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ ఏ ఫ్యాక్టరీలో పనిచేసేదని శ్రీకాకుళం డాక్టరు అడిగితే అప్పలసూరికి నవ్వొచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ తన భార్యకు ఇల్లే లోకం. పోనీ మీరేం చేసేవారని డాక్టరు ఎక్స్‌రే మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీనని, ఓవర్‌హాలింగుకి వచ్చిన ఆవిరి ఇంజన్ల బాయిలర్లు విప్పింది తానేనని ముసలాయన కాస్త గర్వంగానే చెప్పుకొచ్చాడు.

గర్వపడాల్సిన పనే మరి. ఊళ్ళు తిరిగి డస్సిపోయిన ఇంజను షాపులోకొస్తే చక్రాలొక చోటికి, గొట్టాలొక చోటికి పోయేవి. బాయిలరు అప్పలసూరి ముఠా చేతికొచ్చేది. పైరేకు ఊడదీస్తే, వేడి బయటికి పోకుండా దుప్పటిలా కప్పిన రాతినార పూత, అదే ఆస్బెస్టాస్. ఎండి పెళుసెక్కిన దాన్ని సుత్తితో కొట్టి రాల్చేవాడు. కొత్త పొడిని నీళ్ళతో పిసికి, పిడకలు చరిచినట్టు అరచేతులతో చరిచేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పిన పాపాన పోయినవాడు లేడు. చెప్పాల్సినవాళ్ళు దుమ్ము తగలని గదుల్లో కూర్చునేవారు. సాయంత్రం పిండిమరలోంచి వచ్చినట్టు క్వార్టర్సుకొస్తే, అసిరమ్మ ఆ ఖాకీ బట్టల్ని పెరట్లో గోడకేసి దులిపి దులిపి, అప్పుడు ఉతికేది. మొగుడు మర్నాడు శుభ్రంగా పనికెళ్ళాలని ఆవిడ పంతం.

ఆ దులిపిన దుమ్మే ఇన్నేళ్ళకి ఊపిరితిత్తుల పొరని పట్టుకుందన్నాడు డాక్టరు. నయం కాదు, నొప్పి తగ్గిస్తామన్నాడు. ఇంజన్లు తుక్కయిపోయి ఏ కాలమో అయింది. వాటిని సుత్తితో కొట్టినవాడు గుండ్రాయిలా ఉన్నాడు. బట్టలు ఉతికినదానికి చావొచ్చింది. ఇదెక్కడి న్యాయం?

కోటబొమ్మాళి చేరేదాకా బస్సులో పక్కనున్న అసిరమ్మకి చెప్పాలా వద్దా అని అప్పలసూరి తర్జనభర్జన పడ్డాడు. చెబితే, పోయేలోగా తన మొహం చూడదేమోనని భయం. చెప్పకపోతే, ఏ పాపం చేశానోనని తనని తాను తిట్టుకుంటూనే పోతుంది. అది ఇంకా ఘోరమనిపించింది. ఇంటికొచ్చి, గంజి కలిపి చేతికిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అసిరమ్మ ఆయాసపడుతూ గంజి పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మావా, నాను బట్టలు దులిపినప్పుడల్లా రాజకుమారి నా సంకలోనే ఉండీది కదా" అంది.

దారి పొడుగునా అప్పలసూరి తన గురించీ పెళ్ళాం గురించీ ఆలోచించాడు గానీ, గజపతినగరంలో కాపురముంటున్న కూతురు గుర్తుకే రాలేదు.

ఇప్పుడే ఫోను చెయ్యమంది. ఏటని సెప్పనే అన్నాడు.

"అమ్మకి బాగోలేదు, నువ్వు కూడా సాతీకి పొటో తీయించుకోవాలట అని సెప్పు. నువ్వు తెచ్చిన దుమ్మని మాత్రం సెప్పకు. నాను పోయాక దానికి మిగిలీది నువ్వే."

అప్పలసూరి నంబరు నొక్కాడు. అవతల రాజకుమారి "ఏటి నాన్నా, డాక్టరు ఏటన్నాడు?" అని అడుగుతూనే ఉంది. ఇవతల ముసలాయన ఖాళీ అరచేతిని పంచెకేసి తుడుచుకుంటూనే ఉన్నాడు.