కాదంటే బరువు

తెల్లారి నాగరత్నమ్మ వాకిలి ఊడ్చే వేళకు చిన్నబ్బ అరుగు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంటాడు. కాళ్లు పైకి తీసుకోమని ఆమె అంటుంది. తీసుకోనని ఆయన అంటాడు. ఆమె ఆయన కాళ్ల చుట్టూ చీపురు తిప్పి ఊడ్చుకుని పోతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన కూర్చునే చోట అరుగు బండ గుంటపడింది. వానొస్తే అందులో నీళ్లు నిలుస్తాయి, పిచ్చుకలు వచ్చి తాగుతాయి.

ఆ ఇంటివాళ్లకు కాదంటే బరువొస్తుంది. కొన్ని ఇళ్లల్లో షుగరు ఉన్నట్టు, కొన్ని ఇళ్లల్లో మెల్లకన్ను ఉన్నట్టు, వీళ్లకు చిన్నబ్బ తల్లి తట్టు నుంచి ఇది వచ్చింది. మనసులోంచి కాదన్న మనిషి ఆ కాదన్న చోటే బండలా దిగబడిపోతాడు. తనంతట తాను లేచి పోవచ్చు గాని ఇంకొకరు లేపలేరు. చిన్నబ్బ తల్లి దేవకమ్మను అత్తగారు కోపమొచ్చి పుట్టింటికి తోలేయమంటే బండెక్కించినారు. ఆమె పోనంది. ఎద్దులు రెండూ మోకాళ్ల మీద కూలబడ్డాయి. చిన్నబ్బ కాలానికి రోడ్డు వెడల్పు చేసే మిషను వచ్చింది. ఆయన బావిని పూడ్చాలన్నారు. ఆయన బావి గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. మిషను మూతి వంగింది గాని మనిషి కదల్లేదు. చిత్తూరు నుంచి వాళ్ల ఊరికి పోయే రోడ్డు ఇప్పటికీ ఆ బావి దగ్గర కొంచెం పక్కకు తిరిగి పోతుంది. కొత్త డ్రైవర్లు ఎందుకని అడిగితే, ఆడ చిన్నబ్బ కాదన్నాడని చెబుతారు. అంతకు మించి ఎవరూ అడగరు.

కొడుకు మునిచంద్రకు మాత్రం అది రాలేదు. వాడు చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర పని చేస్తాడు. యజమాని రమ్మంటే వస్తాడు, పొమ్మంటే పోతాడు. ఎవరేమన్నా "అట్లే సార్" అంటాడు. నలభై దాటినా గాలికి గొడుగు పట్టుకుని పోతే గొడుగే వాణ్ణి మోసుకుపోయేటట్టుంటాడని కన్నతల్లే ఎగతాళి చేస్తుంది.

వాడికి ఒక్కతే కూతురు, లోహిత. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని, రాకెట్టెక్కి పైకి పోతానని తాతతో చెప్పేది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినాయి. తిరుపతి పక్కన ఒక హాస్టలు కాలేజీ ఉంది. ఆ కాలేజీ తరఫున టై కట్టుకున్న మనిషి ఒకడు మండీకి వచ్చినాడు. మీ అమ్మాయి మా దగ్గర చేరితే నేరుగా రాకెట్ల ఆఫీసులోనే తేలుతుందన్నాడు. మునిచంద్ర అట్లే సార్ అన్నాడు. పిల్ల పోయి చేరింది.

ఏడాది గడిచి దసరా సెలవులకు వచ్చిన లోహిత మునుపటి లోహిత కాదు. మెడ ఎముకలు బయటపడినాయి. పలకరిస్తే ఊ అంటుంది, లేకపోతే అదీ లేదు. సెలవులన్నీ మిద్దె మీదే గడిపింది. తల్లి కోమలి అన్నం పళ్లెం పైకి తీసుకుపోయి పెట్టేది. చదువు మీద ఆశ సన్నగిల్లిందని మునిచంద్ర అనుకున్నాడు. దానికి వాడే ఒక మందు కనిపెట్టినాడు. సెలవుల ఆఖరి రోజు అందరూ వ్యానులో శ్రీహరికోట దాకా పోయి రాకెట్ మ్యూజియం చూడాలి. అది చూస్తే పిల్లకు పాత ఆశ మళ్లీ పుడుతుంది. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం ఆరులోపల హాస్టల్లో దింపేయాలి.

పెట్టె సర్దుకునేటప్పుడు మనవరాలి ముఖం చిన్నబ్బ చూసినాడు. చూసినాక అరుగు మీద ఉండలేకపోయినాడు. నడింట్లోకి పోయి ఆ పెట్టె మీద కూర్చున్నాడు.

"లే నాయనా, బండొచ్చింది" అన్నాడు మునిచంద్ర.

"లేవను. పాప పోదు."

ఇంట్లో పని ఆగిపోయింది. బయట డ్రైవరు గిరికి కూడా సంగతి తెలిసి, ఈ రోజు ప్రయాణం లేదనుకుని ఇంజను ఆపేసినాడు. మునిచంద్ర ఏమనుకున్నాడో వంగి తండ్రి చంకల కింద చేతులు వేసినాడు. చిన్నబ్బ దూదిమూట లేచినట్టు లేచినాడు. కొడుకు ఆయన్ను ఎత్తుకుపోయి వ్యానులో కూర్చోబెట్టి, మళ్లీ వచ్చి పెట్టె తీసుకుపోయినాడు. డెబ్బై ఏళ్ల మనిషికి అట్లాంటి అవమానం అంతకు ముందు జరగలేదు. చేతులు చూసుకున్నాడు, కాళ్లు చూసుకున్నాడు.

నాగరత్నమ్మ పక్కన కూర్చుంటూ చిన్నగా అనింది. "అది నీ బావి కాదు గదయ్యా. పోవాల్సింది పాప. పాప కాదనాల. అది అనాల్సిన కాదు నువ్వంటే నీకెట్లా బరువొస్తాది?"

వెనక సీట్లో లోహిత కిటికీకి తల ఆనించుకుని ఉంది. నాయన ఎక్కమన్నాడు, ఎక్కింది. అచ్చం వాడి పోలికే అనుకున్నాడు చిన్నబ్బ. ఈ పిల్లకు బరువు రాకపోతే ఈ పొద్దు సాయంత్రం ఆ గేటు లోపలికి పోతుంది. ఇంకో ఏడాది అందులో ఉంటే మిగిలేది ఎముకలేనని ఆయనకు అనిపించింది.

శ్రీకాళహస్తిలో ఇడ్లీ తినేటప్పుడు ఆమె పక్కన చేరి అడిగినాడు.

"పోతావా మే?"

"నాయన పొమ్మన్నాడు గదా తాతా."

"నాయన సంగతి నాకు తెలుసులే. నేనడిగింది నిన్ను."

ఆ పిల్ల ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేసి ఆకులోనే వదిలేసింది.

సూళ్లూరుపేట దాటినాక దావకు రెండు పక్కలా నీళ్లొచ్చినాయి. ఆ నీళ్లలో తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. మ్యూజియం ముందర రాకెట్ బొమ్మలు నిలువునా నిలబెట్టి ఉన్నాయి. నాగరత్నమ్మ చెప్పులు విప్పబోతే, గుడి కాదులేమ్మా అని కొడుకు ఆపినాడు. లోపల బంగారు రేకు చుట్టిన ఉపగ్రహం ముందు ఆమె ఎందుకైనా మంచిదని దండం పెట్టుకునింది. ఒకచోట రాకెట్ ముక్కును సైకిలు మీద మోసుకుపోతున్న ఫొటో, ఇంకోచోట ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద పెట్టిన ఫొటో ఉన్నాయి. చిన్నబ్బ ఆ రెండో ఫొటో దగ్గర చాలాసేపు ఆగి, ఎద్దులు మంచి జోడని మెచ్చుకున్నాడు. మునిచంద్ర ప్రతి బోర్డూ పైకి చదివి కూతురికి వినిపిస్తా ఉన్నాడు. రాకెట్లు ఎక్కడెక్కడ పడిపోయినాయో, పడిపోయినాక మళ్లీ ఎట్లా లేపినారో ఉన్న బోర్డును రెండుసార్లు చదివినాడు. వాడికీ చదువంటే ఆశే. ఆ ఆశంతా పిల్ల నెత్తిన పెట్టినాడు.

ఒక గది పైకప్పంతా నల్లరంగు వేసి చిన్న చిన్న దీపాలు చుక్కల్లాగ అమర్చినారు. లోహిత అక్కడ ఆగిపోయింది. తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, రెప్ప వేయకుండా చూసింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

"సూసినావా నాయనా, పట్టింది" అన్నాడు మునిచంద్ర సంతోషంగా. "ఇంక సదువుతాది."

పిల్ల కళ్లల్లో నీళ్లు మునిచంద్రకు కనపడలేదు, చిన్నబ్బకు కనపడినాయి.

దాని పక్క గదిలో నేలకు ఇనుప పలక బిగించి ఉంది. దాని మీద నిలబడితే ఎదురుగోడకు అంకెలు వెలుగుతాయి. భూమి మీద ఇంత, చంద్రుడి మీద ఇంత, అంగారకుడి మీద ఇంత. మునిచంద్రకు కాటా కనపడితే ప్రాణం లేచొస్తుంది. అమ్మను ఎక్కించినాడు. భూమి మీద అరవై ఉన్న నాగరత్నమ్మ చంద్రుడి మీద పదికి దిగింది. ఆడికి పోతే మోకాళ్ల నొప్పి తగ్గుతాదేమోనని ఆమె అంటే, అక్కడ డ్యూటీలో ఉన్న ప్రసన్నకుమారి అనే అమ్మాయి నవ్వింది. తరువాత లోహిత ఎక్కింది. భూమి మీద నలభై రెండు, చంద్రుడి మీద ఏడు. కోమలి ఆ నలభై రెండు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

మునిచంద్ర ఫోను చూసుకున్నాడు. "ఇంక పా పాపా. ఆరయితే గేటు మూసేస్తారు."

లోహిత పలక మీద నుంచి దిగలేదు.

"నేను రాను నాయనా."

చాలా నెమ్మదిగా అనింది. నలభై రెండు కాస్తా యాభై అయింది, అరవై అయింది. మునిచంద్ర అలవాటు కొద్దీ అంకెలనే చూస్తున్నాడు.

"ఏంది పాపా, నీకోసమే గదా ఇదంతా. రాకెట్టెక్కతానని నువ్వే గదా అన్నావు?"

"ఇప్పుడూ అంటా ఉండాను. ఆ హాస్టల్లో ఆకాశం లేదు నాయనా. పిల్లోళ్ల సూపు పక్కకు పోతాదని కిటికీలకు రేకులు కొట్టినారు. మిద్దెకు తాళం. సుక్కల గురించి అంత సదివినాను గాని, ఏడాది పొడుగునా ఒక్క సుక్కను సూడలా." ఆమె కొంచెం ఆగింది. "మన చిత్తూరులో గవర్మెంటు కాలేజీ ఉండాది. ఆడా ఇదే పుస్తకం. ఆడ సదువుతాను. హాస్టలుకు పోను."

భూమి అంకె మూడు వందలు దాటింది. చంద్రుడి అంకె కూడా దాని వెనకే ఎక్కుతా వచ్చింది.

"చంద్రుడి మీద కూడా కాదంటా ఉండాదిరా" అనింది నాగరత్నమ్మ.

మునిచంద్ర పోయి కూతురి భుజాలు పట్టుకుని లాగినాడు. నడుము పట్టుకుని ఎత్తబోయినాడు. పొద్దున తండ్రిని ఎత్తిన చేతులే, ఇప్పుడు పిల్ల చెప్పు మడమను కూడా లేపలేకపోయినాయి. మనవరాలి పక్కన పోయి నిలబడాలని చిన్నబ్బకు కాళ్లు పీకినాయి. తాను పోతే ఆ బరువు ఎక్కడ తగ్గుతుందోనని భయపడి గోడకు ఆనుకుని ఉండిపోయినాడు. బతుకులో ఆయన చేసిన అన్ని మొండిపనుల్లో కష్టమైంది అదే, ఊరకే ఉండటం.

ప్రసన్నకుమారి దగ్గరికొచ్చింది. "ఈ పలక ఐదొందల దాకానే ఆగుతాది పాపా. ఇరిగితే నేను సమాధానం చెప్పుకోవాల. కింద నిలబడి కాదను" అనింది. లోహిత సారీ అక్కా అని చెప్పి తానే దిగి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కింద బండ కటకటమనింది.

మునిచంద్ర ఆమె ఎదురుగా నిలబడినాడు. గోడ మీద అంకెలు ఆరిపోయినా వాడు గోడనే చూస్తున్నాడు. మండీలో రైతు ఒకటి చెప్పినా యజమాని ఇంకొకటి చెప్పినా, వాడు నమ్మేది కాటానే.

"సరే, పా" అన్నాడు చివరికి. "లే. పోదాం పా."

లోహిత తండ్రి ముఖం చూసి లేచింది. వ్యాను ఎక్కేటప్పటికి మళ్లీ మామూలు పిల్లే.

కానీ చిన్నబ్బకు ఆ "సరే" మీద నమ్మకం కుదరలేదు. కొడుకు సరే అననిది ఎవరికి? ఇప్పుడు కూతురికి సరే అన్నాడు. దావలో ఇంకొకరు అడిగితే వాళ్లకూ సరే అంటాడు. పెట్టె ఇంకా వ్యాను పైన కట్టే ఉంది. శ్రీకాళహస్తి దాటినారు, ఏర్పేడు దాటినారు. లోహిత ఈసారి కిటికీకి తల ఆనించలేదు. నిటారుగా కూర్చుని తండ్రి వెనకతల వైపే చూస్తా ఉంది.

తిరుపతి బైపాసులో, హాస్టలు ఇంకో మలుపు దూరంలో ఉండగా, ముందు సీట్లో మునిచంద్ర ఫోను మోగింది. హాస్టలు ఇన్‌ఛార్జి సారు. ఆయన గొంతు వెనక సీటు దాకా వినపడతా ఉంది. ఇంకా రాలేదేమని అడిగినాడు, మీ ఒక్కరి కోసం గేటు తెరిచి పెట్టలేమన్నాడు, పల్లెటూరోళ్లకు సీటిస్తే ఇంతేనన్నాడు. పది నిమిషాల్లో పిల్ల లోపల ఉండాలన్నాడు.

మునిచంద్ర నోరు తెరిచినాడు. అట్లే అనే మాట వాడి పెదాల మీదికి వచ్చింది కూడా. చిన్నబ్బ కళ్లు మూసుకున్నాడు.

"కాదు సార్" అన్నాడు మునిచంద్ర.

ఇన్‌ఛార్జి సారుకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు.

"పాప రాదు సార్. నేనే పంపను. మీ కిటికీలకు రేకులు తీసేయండి ముందు. పిల్లోళ్లు ఉండారు లోపల."

అవతల ఆయన ఇంకా ఏదో అంటా ఉండగానే వాడు ఫోను పెట్టేసినాడు. అప్పుడే వ్యాను ముందు ఎడమ పక్క కిందికి దిగినట్టయింది. చక్రం మీది రేకు టైరుకు రాసుకుని గరగరమనింది. కోమలి పడిపోకుండా సీటు పట్టుకునింది. గిరి రెండు చేతులా స్టీరింగు కుడికి తిప్పి పట్టుకుని, పక్కకు చూడకుండానే అన్నాడు.

"అన్నా, కొంచెం ఈ పక్కకు జరుగు. బండి నీ తట్టుకే లాగతా ఉండాది."

హాస్టలు మలుపు వచ్చింది. గేటు ముందు లైట్లు, లోపలికి పోతున్న పిల్లలు, చేతులు కట్టుకుని నిలబడిన వాచ్‌మన్ కనపడినారు. మునిచంద్ర ఆ వైపు ఒక్కసారి చూసి, కాళ్లు దూరంగా చాపి, సీట్లో ఇంకా వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"జరగను" అన్నాడు.

గిరి గేరు మార్చి, ఒక పక్కకు ఒరిగిన బండిని అట్లాగే చిత్తూరు రోడ్డు ఎక్కించినాడు.